కాటుక కింద కన్ను

పాపకి కనుబొమ్మలు దిద్దడం మా అత్తయ్య పని. ఆ పని నాకు కూడా ఇచ్చేవారు కాదు. ఆముదం దీపం మీద ఇత్తడి పళ్లెం బోర్లించి మసి పట్టి, అందులో కాస్త వెన్న కలిపి కాటుక తనే చేసుకునేవారు. స్నానం అయ్యాక పాపని కాళ్ల మీద పడుకోబెట్టుకుని ఉంగరం వేలితో దిద్దేవారు. కుడి కనుబొమ్మకి ఒక్క గీత సరిపోయేది. ఎడమ వైపు మాత్రం బొమ్మ నుంచి రెప్ప దాకా నల్లగా పూసేసేవారు. అక్కడ ఎర్రమచ్చ ఉంది.

పుట్టినప్పుడు అది మచ్చ అనిపించుకునేంత కూడా లేదు. దోమ కుట్టిన చోట గోకినట్టు లేత ఎరుపు, అంతే. మొదటి టీకాలకి తీసుకెళ్లినప్పుడు ఊళ్లో పిల్లల డాక్టరు చూశారు. "రక్తనాళాలు గుంపుగా చేరిన మచ్చమ్మా ఇది. కొన్నాళ్లు పెరుగుతుంది, తర్వాత దానంతటదే తగ్గిపోతుంది. బడికెళ్లే వయసుకి పెద్దగా కనబడదు. కంగారు పడకు," అన్నారు. ఆయన చెప్పింది తప్పు కాదు. చాలామంది పిల్లల్లో అలాగే అవుతుందని తర్వాత నేనూ చదివాను. కానీ ఆయన చూసిన నాటికి అది గోరంత. ఆయన నోటి నుంచి వచ్చిన "పెరుగుతుంది" అన్న మాట పట్టుకుని మా ఇంట్లో అందరం నిశ్చింతగా కూర్చున్నాం. పెరిగినప్పుడల్లా ఒకటే మాట: డాక్టరు ముందే చెప్పారుగా.

మాది అరసవల్లి. ముందు కొట్టు, వెనక ఇల్లు. కొబ్బరికాయలు, అగరొత్తులు, పసుపు కుంకాలు అమ్ముతాం. కంటి జబ్బులకీ చర్మం జబ్బులకీ సూర్యదేవుడికి మొక్కుకునే జనం ఆదివారం మా గుమ్మం ముందు నుంచే గుడికి వెళతారు. మచ్చని కాటుకతో కప్పడానికి అత్తయ్యకి అదే కారణం.

"సూరీడి పక్కన కాపరం ఉండి మన గుంటకే కంటి మీద ఇలాటిది వచ్చిందంటే జనం ఏటనుకుంటారు? ఈళ్లు ఆ సామికి ఏటో అపచారం సేసారనుకోరా?" అనేవారు.

అందుకని నెలనెలా కాటుక చిక్కబడింది. కొట్టుకి వచ్చినవాళ్లు పాపని చూసి "ఓలమ్మా, ఎంత దిష్టిచుక్క పెట్టారో!" అని నవ్వేవాళ్లు. ఎవరికీ అనుమానం రాలేదు. పసిపిల్లకి కాటుక ఎక్కువైతే మన దగ్గర ఎవరడుగుతారు? ముద్దుగా ఉందంటారు.

ఎడం కన్ను చిన్నదిగా ఉందని మొదట అన్నది మా అమ్మ, విజయనగరం నుంచి వీడియో కాల్‌లో. "అదేటే, ఒక కన్ను సగమే తెరుస్తాంది?" అంది. నిద్రమత్తులో ఉందన్నాను. ఫోన్ పెట్టేశాక మనసాగలేదు. పాప ఫోటోలు మొదటి నుంచి ఒక్కొక్కటే తిప్పుకుంటూ వచ్చాను. కుడి బొమ్మ ఎప్పుడూ ఉన్నచోటే ఉంది. ఎడమ బొమ్మ నెల నెలకీ కిందికి దిగుతూ వచ్చింది. మచ్చ ఎక్కడిదాకా పాకితే అత్తయ్య అక్కడిదాకా కనుబొమ్మ గీశారు. చివరి ఫోటోలో కాటుక రెప్ప అంచు దాటి బుగ్గ మొదలయ్యే చోటికి వచ్చేసింది. ఆ నలుపులో రెప్ప ఎక్కడ ఆగిందో, కన్ను ఎక్కడ మొదలైందో నాకు తెలియలేదు. కన్నతల్లిని, రోజూ ఆ ముఖాన్నే చూసేదాన్ని, నాకే తెలియలేదు.

ఆ మధ్యాహ్నం వసారాలో కూర్చుని, కొబ్బరినూనెలో ముంచిన మెత్తటి గుడ్డతో కాటుక తుడిచాను. ఎడమ కన్ను మీద గుడ్డ ఉన్నంతసేపూ పాప నన్ను చూసి నవ్వుతూనే ఉంది. అది తుడిచి, కుడి కన్ను మీద గుడ్డ పెట్టగానే గుక్కపట్టి ఏడ్చింది. గుడ్డ తీస్తే ఆగింది. మళ్లీ ఎడమ కన్ను మూశాను. నవ్వు. మళ్లీ కుడి కన్ను మూశాను. ఏడుపు, చేతులతో నా చెయ్యి తోసెయ్యడం.

నేను డిగ్రీలో జువాలజీ చదివాను. కన్ను బొమ్మ గీసి భాగాలు గుర్తించి మార్కులు తెచ్చుకున్నదాన్ని. కానీ ఆ పూట నాకు అర్థమైంది చదువు వల్ల కాదు. ఎడమ కన్ను మూస్తే నా కూతురికి ఏమీ పోవడం లేదు. అంటే ఆ కంటితో తను ఏమీ చూడడం లేదు.

సాయంత్రం మా ఆయనతో చెప్పాను. రేపే విశాఖపట్నం వెళ్దాం అన్నాను.

"అమ్మ వరస ఆదివారాలు మొక్కుకుంది కదే. ఇంకెన్నో లేవు. అవి అయ్యాక ఎల్దాం," అన్నాడు.

"మొక్కు మధ్యలో డాక్టరు దగ్గరికి వెళితే దేవుడికి కోపమొస్తుందా?"

"కోపమని కాదు. అమ్మ మనసు కష్టపెట్టుకుంటాది."

"అమ్మ మనసు తర్వాత సర్దుకుంటుంది. దాని కన్ను సర్దుకోదు. నువ్వొస్తే రా. లేకపోతే నేనే వెళ్తాను."

అత్తయ్య వంటింట్లోంచి అంతా విన్నారు. "ఎల్లు, ఎల్లు. రేపు ఆ డాక్టర్లు పసిగుంట కన్ను కోసేస్తే ఎవులొస్తారు నీకు?" అన్నారు. తర్వాత ఆ ఏడుపు గొంతుతోనే, "కడుపుతో ఉన్నప్పుడు గ్రహణం పూట గదిలోంచి కదలొద్దంటే ఇన్నావా?" అన్నారు. ఆ మాట ఆవిడ నాతో అనడం అదే మొదటిసారి. ఇన్నాళ్లూ కడుపులో దాచుకున్నారన్నమాట.

పొద్దున్న బయల్దేరేసరికి మా ఆయన ఇంకా మంచం మీదే అటు తిరిగి పడుకున్నాడు. గుమ్మంలో మావయ్య చొక్కా గుండీలు పెట్టుకుంటున్నారు. ఆయన చేతులు ఎప్పుడూ వణుకుతాయి, గుండీలకి చాలా సేపు పడుతుంది. ఆయన ఎక్కువ మాట్లాడరు. "పద, బస్సు దొరకాలి," అన్నారు. అత్తయ్య వెనక నుంచి "మీరెక్కడికి? కొట్టెవులు సూస్తారు?" అని అరిస్తే, "నీ కొడుకున్నాడు కదా, లేపు," అన్నారు. అంతే.

విశాఖలో ఆసుపత్రి వరండాలో మా పక్కన ఒకమ్మాయి కూర్చుంది. పాతపట్నం వాళ్లట, డిగ్రీ చివరి సంవత్సరం. కంటి రెప్ప నుంచి చెంప సగం, పై పెదవి, ముక్కు పక్క అంతా ముదురు నేరేడు రంగు. నేను చూడకుండా ఉండాలని అవస్థ పడుతుంటే తనే అంది, "సూడండక్కా, పరవాలేదు. సూస్తే అంటుకోదు."

నాకు నవ్వొచ్చింది, ఏడుపూ వచ్చింది. పాపది చూపించాను.

"మీ పాపదీ నాదీ ఒకటి కాదక్కా," అంది, పాత నేస్తంలా. "మీ పాపది ఉబ్బుతాది, తర్వాత అణుగుతాది. నాది ఉబ్బలేదు, తగ్గలేదు. పుట్టినప్పటి నుంచీ నాతోపాటే సాగింది. రెండూ రక్తనాళాలే గానీ దాని దారి వేరు, దీని దారి వేరు. సిన్నప్పుడు నా తలకీ కళ్లకీ కూడా పరీక్షలు సేసారు, కంటి దాకా ఉన్నాదని. ఇప్పుడు లేజర్ సేయిస్తన్నాను."

"పోతుందా?"

"పూర్తిగా పోదు. పలచబడతాది. నేను పోవాలని రాలేదు. పెదవి దగ్గర మందం అయిపోయి ఊరికే రక్తం వస్తాంది. అందుకు." తర్వాత గొంతు తగ్గించి, "మా పెద్దమ్మ పెళ్లిసూపులకి ముఖం నిండా పౌడరు కొట్టుకోమంటాది. నేను కొట్టుకోను. తర్వాత మోసం సేసారంటే ఎవులు పడతారు? ముందే సూసుకోమను. సూడలేకపోతే టీ తాగి ఎల్లిపోమను."

మావయ్య అంత గట్టిగా నవ్వగా నేను అంతకుముందు ఎప్పుడూ వినలేదు.

లోపల చర్మం డాక్టరమ్మ పాప కన్ను చూసి, కంటి డాక్టరుని కూడా పిలిపించి, ఇద్దరూ చాలాసేపు మాట్లాడుకున్నారు. తర్వాత నాకు అర్థమయ్యేలా చెప్పారు. వీపు మీదో చేతి మీదో ఉంటే ఊరికే చూస్తూ ఉండేవాళ్లమన్నారు. రెప్ప మీద ఉంది కాబట్టి ఆగడానికి లేదు. పసిపిల్లలు పుట్టగానే చూడరు, మొదటి నెలల్లో చూడడం నేర్చుకుంటారు. రెప్ప బరువెక్కి అడ్డుపడితే ఆ కంటి కబుర్లు వినడం మెదడు మానేస్తుంది. తర్వాత మచ్చ పోయినా చూపు మందగించే ఉంటుంది. ఇంకా ఆలస్యం కాలేదు, కానీ ఇక ఆలస్యం చెయ్యకూడదు. ఇదీ ఆవిడ చెప్పింది.

నేను ఒక్కటే అడిగాను. "నేను ఏదైనా తినడం వల్లా? గ్రహణంలో బయటికి రావడం వల్లా?"

"నువ్వు తిన్నది కాదు, తిరిగింది కాదు," అన్నారావిడ. "ఎందుకు వస్తాయో మాకే పూర్తిగా తెలీదు. కానీ తల్లి తప్పు వల్ల మాత్రం రావు. ఇంటికెళ్లి నీకు ఈ మాట అన్నవాళ్లకి చెప్పు."

మందు పేరు రాసి చెప్పగానే మావయ్య చొక్కా జేబులోంచి తన మాత్రల పట్టీ తీశారు. వణికే చేత్తో డాక్టరమ్మ ముందు పెట్టి, "ఇదేనా అమ్మా?" అన్నారు.

ఆవిడ చూసి నవ్వారు. అదే మందు, అసలు గుండె జబ్బులకి వాడేది. ఆయన చేతుల వణుకుకి వేసుకునేదీ, పాప రక్తనాళాలని ముడుచుకునేలా చేసేదీ ఒకటే. "కానీ తాతగారూ, మీ పట్టీలోది ముక్క కూడా పాపకి ఇవ్వకూడదు. దానికి సిరప్ వేరే, లెక్క వేరే. బరువుని బట్టి ఇవ్వాలి," అన్నారు. పాలు తాగాకే ఇవ్వాలి. పాలు తాగకపోయినా, వాంతులైనా, ఆయాసం వచ్చినా ఆ పూట ఆపేసి తమకి ఫోన్ చెయ్యాలి. ఒంట్లో చక్కెర పడిపోవచ్చు, గుండె నెమ్మదించవచ్చు. అందుకే మొదటి మోతాదులు ఆసుపత్రిలోనే ఇచ్చి గమనిస్తామన్నారు. నేను ప్రతి మాటకీ తలూపుతున్నాను, ప్రతి మాటకీ భయం ఒక మెట్టు ఎక్కుతోంది. అయినా సంతకం పెట్టాను. భయం ఉంటే ఉండనీ. కాటుక పూసిన రోజుల్లో నాకు భయమే లేదు, దాని వల్ల ఏం ఒరిగింది?

మొదటి మోతాదులు అక్కడే అయ్యి ఇంటికి వచ్చాక యుద్ధమే.

"గుండె మందా! ముసిలోడి మాత్ర ముక్కుపచ్చలారని పిల్లకా!" అని అత్తయ్య మూడిళ్లవతలికి వినబడేలా అరిచారు.

"తాతకి పనిచేసింది మనవరాలికి పనిచేయదేటి?" అన్నారు మావయ్య.

"మీకేటి పని సేసింది? ఇప్పటికీ టీ సగం సాసర్లోనే ఉంటాది!"

మా ఆయన నవ్వు ఆపుకోలేక వీధిలోకి వెళ్లిపోయాడు. తిరిగొచ్చి నా చేతిలోంచి మందు పోసే సిరంజి తీసుకుని గీతలు వెలుతురులో పెట్టి చూశాడు. "ఏ గీత దాకా?" అని అడిగాడు. క్షమించమని అడగలేదు. ఆ పూట నుంచీ సాయంత్రం మందు తనే పోస్తున్నాడు. నాకు అది చాలు.

రెప్ప మీద ఏమీ పుయ్యొద్దని డాక్టరమ్మ చెప్పారు. కాటుక గిన్నె తీసి పైన అటక మీద పెట్టేశాను. అత్తయ్య చూస్తుండగానే పెట్టాను. వెనక దాచలేదు.

ఆ ఆదివారం కొట్టు కిటకిటలాడుతోంది. పాపని లోపలే ఉంచమన్నారు అత్తయ్య. నేను ఎత్తుకుని బయటికి వచ్చి, కొబ్బరికాయల గుట్ట పక్కన కుర్చీలో కూర్చున్నాను. పొద్దుటి ఎండ నేరుగా పాప ముఖం మీద పడుతోంది. మచ్చ పండిన మిరపకాయలా మెరుస్తోంది. దాచడానికి ఏమీ లేదు.

మొదట వచ్చినవాళ్లు చూసి, చూపు తిప్పుకుని, కాయ కొనుక్కుని వెళ్లారు. తర్వాత ఒక మామ్మ ఆగింది. చేతిలో పూలబుట్ట, భుజాన సంచి.

"ఏటమ్మా, గ్రహణం పట్టినప్పుడు బయటికొచ్చావేటి?"

"వచ్చాను మామ్మా. కత్తిపీట వేసుకుని వంకాయలు కూడా కోశాను. దానికీ దీనికీ సంబంధం లేదంట, డాక్టరు చెప్పారు."

"మరేటిది?"

"రక్తనాళాలు మామ్మా. ఎక్కువగా పెరిగి గుంపు కట్టాయి. మందు వాడతన్నాం."

"సూరీడి గుమ్మంలో ఉండి డాక్టరెందుకు?"

నేను నోరు తెరిచేలోపు వెనక నుంచి అత్తయ్య గొంతు వినబడింది. "ఒలప్పా, కాయ కావాలా, కబుర్లు కావాలా? నీ మనవడికి జొరమొస్తే సామి దగ్గరికెల్తావా, సూది కోసం లగెత్తుతావా?"

మామ్మ గొణుక్కుంటూ కాయ తీసుకుని వెళ్లింది. అత్తయ్య నా వైపు చూడలేదు. ఆవిడ నా వైపుకి వచ్చేశారని నేను అనుకోలేదు కూడా. తన మనవరాలిని బయటివాళ్లు ఒక మాట అనడం ఆవిడకి నచ్చలేదు, అంతే. మొక్కు ఆదివారాలు మాత్రం ఆవిడ ఒక్కటీ తప్పలేదు. కొన్నాళ్లకి ఎరుపు పలచబడి, మధ్యలో బూడిదరంగు వచ్చి, ఉబ్బు మెత్తబడి రెప్ప లేవడం మొదలుపెట్టినప్పుడు, "సూసావా, నా మొక్కు!" అన్నారు. సరే, మీ మొక్కే, అన్నాను. పేరు ఎవరికి వస్తే నాకేం. కానీ "తగ్గిపోయింది కదా, ఇంకెందుకు ఆ ఇషం? ఆపేయ్," అన్నప్పుడు మాత్రం ఆపలేదు. మధ్యలో ఆపితే మళ్లీ పెరగవచ్చని చెప్పారు. ఒకసారి పాపకి జలుబు చేసి రొమ్ము పిల్లికూతలు పెట్టినప్పుడు ఆ పూట నేనే ఆపాను, ఫోన్ చేశాను, వాళ్లు ఇవ్వమన్నాకే మళ్లీ ఇచ్చాను. ఆపడమైనా ఇవ్వడమైనా చెప్పినవాళ్లు చెప్పిన ప్రకారమే. మా ఇంట్లో వంటకి సలహాలు తీసుకుంటాను, ఇరుగుపొరుగువాళ్ల పేచీలకి తీసుకుంటాను. దీనికి తీసుకోను.

అసలు గొడవ తర్వాత వచ్చింది. రెప్ప లేచింది గానీ, ఆ కన్ను పని చెయ్యడం మరిచిపోయింది. దానితో పని చేయించాలంటే రోజూ కాసేపు బాగున్న కుడి కన్నుని అంటుకునే పట్టీతో మూసెయ్యాలన్నారు.

"బాగున్న కన్ను ముయ్యడమేటి!" ఈసారి మావయ్య కూడా ఆ మాటే అన్నారు. మా ఆయనా అన్నాడు. నిజం చెప్పాలంటే నాకూ మొదట అలాగే అనిపించింది. పట్టీ వెయ్యగానే పాప ఏడ్చే ఏడుపు వినలేక మా ఆయన సైకిలెక్కి పోయేవాడు. పీక్కోకుండా నేను చేతులు పట్టుకుని కూర్చునేదాన్ని. "రాక్షసి," అని అత్తయ్య నన్ను ఒకసారి అన్నారు. అవును, రాక్షసినే. కూతురి కంటి చూపు కోసం రాక్షసి కావాలంటే అవుతాను. మంచి తల్లి అనిపించుకోవడం కంటే అదే నాకు నయం.

ఇది రాస్తుంటే పక్కన పాప నిద్రపోతోంది. మచ్చ ఇంకా ఉంది. చాలా ఏళ్లు ఉంటుంది, పోయాక కూడా ఆ చోట చర్మం కాస్త వదులుగా మిగలవచ్చన్నారు. ఉండనీ. బడిలో పిల్లలు అడుగుతారు. ఏం చెప్పాలో నేను దానికి ఇప్పటినుంచే నేర్పుతాను. తల వంచుకోవడం మాత్రం నేర్పను.

ఈ రోజు సాయంత్రం జరిగింది చెప్పి ఆపుతాను. కుడి కన్నుకి పట్టీ వేసి పాపని గచ్చు మీద కూర్చోబెట్టాను. ఎప్పటిలాగే రాగం మొదలైంది. అత్తయ్య పక్కనే కాళ్లు చాపుకుని గిన్నెలో మురీలు, అంటే మరమరాలు, తింటున్నారు. ఒక గింజ జారి ఎర్ర గచ్చు మీద పడింది. తెల్లగా, అంతకన్నా చిన్నది ఇంట్లో ఇంకేదీ లేదేమో.

పాప ఏడుపు ఆగింది. తల కాస్త పక్కకి వంచింది. ముందుకి వాలి, ఒక చెయ్యి నేల మీద ఆనించి, రెండో చెయ్యి చాచింది. మొదటిసారి వేళ్లు గింజ పక్కన పడ్డాయి. మళ్లీ చూసింది. ఈసారి బొటనవేలూ చూపుడువేలూ కలిపి సరిగ్గా ఆ గింజనే పట్టుకుంది.

నోట్లో పెట్టుకోకముందే నేను లాగేశాను. అత్తయ్య గిన్నె కింద పెట్టారు.

"ఒలే, కుడి కన్ను మూసే ఉన్నాదేటి?"

"మూసే ఉంది అత్తయ్యా."

"పట్టీ సందులోంచి సూసిందేమో?"

నేను పట్టీ అంచులన్నీ వేలితో తడిమి చూపించాను. ఎక్కడా సందు లేదు.

అత్తయ్య గిన్నెలోంచి ఇంకో మురీ గింజ తీసి, ఈసారి ఇంకాస్త దూరంగా వేసి, మోకాళ్ల మీదికి వంగి చూస్తూ కూర్చున్నారు.